జబ్బు తేలిన రోజే కాయితం కూడా మొదలు కావాలె: పీహెచ్‌సీ, పెన్షన్, ఆరోగ్యశ్రీ, ఈఎస్‌ఐ ఒక్క గడప మీదికి ఎట్ల తేవాలె?

నీలగిరి_రిజిస్టర్

పక్షవాతం వచ్చి ఒక పక్క పడిపోయిన మనిషిని తీసుకోండి. బీపీ గోలీలకు పల్లె దవాఖాన. వికలాంగుల సర్టిఫికెట్‌కు మీసేవ, ఆ తర్వాత జిల్లా ఆసుపత్రి. పెన్షన్‌కు పంచాయతీ కార్యదర్శి, ఆయన మీద ఎంపీడీవో. ఆపరేషన్ ఏమన్న ఉంటే దవాఖానల ఆరోగ్యశ్రీ పని చూసే ఆరోగ్యమిత్ర. కంపెనీల పనిచేసినోడైతే కార్మికుల బీమా, అంటే ఈఎస్‌ఐ డిస్పెన్సరీ. ఐదు గడపలు, ఐదు జిరాక్స్ సెట్లు. ఆ మనిషేమో ఒక్క కాలు మీద ఉన్నడు.

మండల పీహెచ్‌సీ (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం) అంటే 30 వేల మంది, తండాలు ఎక్కువుంటే 20 వేలు. కొత్త పోస్టులు రావు, కొత్త పోర్టల్ అసలే వద్దు. ఉన్న ఏఎన్‌ఎం, ఆశ, కార్యదర్శి, ఊరి పోస్టాఫీసు నడిపే బీపీఎం, ఈ నలుగురితోనే వైద్యం, భద్రత పథకాలు ఒక్క తాడుకు కట్టొచ్చా? పనిలో తగిలే ఇబ్బంది రాయండి. సిద్ధాంతాలు వద్దు.

పాలమూరు_లెక్కలు

పోర్టల్‌ల మీద నింద వేస్తరు గానీ సగం కేసులు ఆగేది పేరు కాడ. ఎల్లమ్మ ఆధార్‌ల 'వై'తో మొదలైతది, పాస్‌బుక్‌ల 'ఈ'తో, రేషన్ కార్డుల ఇంటిపేరు ముందుకొస్తది. మనకు ముగ్గురూ ఒక్కరే, కంప్యూటర్‌కు ముగ్గురు.

రెండు రకాల చెల్లింపులున్నయి, తేడా తెల్వక తిప్పలు పడుతున్నరు. ఒకటి ఖాతా నంబరు మీద పోయేది. రెండోది ఆధార్ మీద పోయేది, ఇది ఆఖరిసారి ఏ బ్యాంకుల ఆధార్ లింక్ చేసిన్రో ఆ ఖాతాలనే పడతది. "పైసలు రాలే" అని వచ్చిన మనిషికి చాలాసార్లు పైసలు వచ్చే ఉంటయి, మర్చిపోయిన జన్‌ధన్ ఖాతాల.

ఖాతా నంబరు మీద పోయేటివి ఎందుకు తిరిగొస్తయంటే:

నంబరు చేత్తో రాసుకుంటే ముందున్న సున్నాలు పోతయి. పాస్‌బుక్ మొదటి పేజీ ఫొటో తప్ప వేరేది తీసుకోవద్దు.

ఐఎఫ్‌ఎస్‌సీ పాతది ఇస్తరు. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకుల కలిసింది. మన దిక్కు ఊరూరికి ఉన్న ఏపీజీవీబీ తెలంగాణ శాఖలు 2025 జనవరి 1 నుంచి తెలంగాణ గ్రామీణ బ్యాంకు అయినయి. బీరువాల ఉన్న పాత పాస్‌బుక్ తెస్తే ముందు దాన్ని మార్పించుకొని రమ్మనాలె.

రెండేండ్లు లావాదేవీ లేకపోతే ఖాతా నిద్రపోతది. కేవైసీ ఇచ్చి లేపాలె. నూరు రూపాయలు వేసి తీసినా బతికే ఉంటది, ముందే చెప్తే అయిపోయె.

టీబీ_యూనిట్_మూల

పైన అన్నదానికి టీబీ లెక్క కలుపుతున్న. టీబీ రోగి తిండికి సర్కారు ఇచ్చే నిక్షయ్ పోషణ్ పైసలు 2018 ఏప్రిల్‌ల నెలకు 500తో మొదలైనయి, 2024 నవంబర్ నుంచి 1,000. ఆరు నెలల కోర్సుకు రెండు విడతలు: జబ్బు ఖాయమైనప్పుడు 3,000, మందులు మొదలైన 84 రోజులకు ఇంకో 3,000. ఆరు నెలలు దాటితే నెలకు వెయ్యి లెక్క.

ఈ మొదటి 3,000 రోగికి ఎప్పుడు కావాలె? మొదటి రెండు నెలల్లో. గోలీలు నాలుగు మందులవి, బరువును బట్టి: 35 నుంచి 49 కిలోలైతే రోజుకు 3, 50 నుంచి 64 అయితే 4. పొద్దున పరగడుపున మింగి, తినడానికి ఏం లేక కడుపుల తిప్పి మానేసేది గప్పుడే. బ్యాంకు వివరం మూడో నెలల ఎక్కిస్తే పైసలు వస్తయి, గుడ్లు తినాల్సిన టైం పోయింటది. అందుకే మందుల డబ్బా చేతికిచ్చే నాడే పాస్‌బుక్ ఫొటో తీయాలె.

ఒకే ఇంట్ల ఇద్దరికి టీబీ ఉండి ఒక్క ఖాతా ఇస్తే డూప్లికేట్ అని ఆగుతది. రెండో మనిషికి పోస్ట్‌మ్యాన్‌తోటి ఇంటికాడనే పోస్ట్ పేమెంట్స్ బ్యాంకు ఖాతా తీయించుడు అన్నిటికన్న తొందర. ఆధార్, ఫోన్ చాలు.

ఇంకొకటి: టీబీకి మన దగ్గర నెలవారీ పెన్షన్ లేదు. "పెన్షన్ వస్తది" అని ఆశ చెప్పి, రాకపోతే ఆమె మాట మళ్లీ ఎవరూ వినరు. లేనిదాన్ని లేదనే చెప్పాలె.

కందనూలు_సాక్షి

వలసపోయేటోళ్ల సంగతి రాయకుండ పాలమూరు గురించి మాట్లాడితే ఎట్ల? దసరా, దీపావళి దాటంగనే గుంపు మేస్త్రీ అడ్వాన్స్ ఇచ్చి ముంబై, పుణె తోలుకపోతడు. టీబీ మందులు మధ్యల ఉంటయి.

టీబీ_యూనిట్_మూల

@కందనూలు_సాక్షి, నిజమే అన్నా. పోకముందే చేయాల్సినవి: టీబీ రోగుల సర్కారు పోర్టల్ నిక్షయ్‌ల పోయే ఊరికి ట్రాన్స్‌ఫర్ పెట్టాలె. చేతికి నెల మందులు, ఒక కాయితం మీద నిక్షయ్ ఐడీ, ఇయ్యాల్టి బరువు, ఎన్ని నెలలు అయినయో. ఖాతా మార్చొద్దు, ఊళ్లె ఖాతాలనే పైసలు పడతయి. అక్కడ మారిస్తే వెరిఫికేషన్ మళ్లా మొదటికి వస్తది. అవతలి కేంద్రం ట్రాన్స్‌ఫర్ ఒప్పుకోకపోతే ఆ పేరు మధ్యల వేలాడుతది, ఎవరి లిస్టుల ఉండదు. వారానికోసారి పెండింగ్ చూడాలె, లేదా టీబీ హెల్ప్‌లైన్ నిక్షయ్ సంపర్క్ 1800-11-6666కు ఫోన్ చేయాలె.

మేస్త్రీ నంబరు రాసుకోండి. కూలీ నంబరు రెండు నెలలకోసారి మారుతది, మేస్త్రీది మారదు. అయితే మేస్త్రీకి జబ్బు పేరు చెప్పొద్దు. "దవాఖాన నుంచి, ఫలానా ఆయనకు ఫోన్ ఇయ్యి" అంతే.

మర్రిగూడ_నీళ్లు

నల్లగొండ పశ్చిమ మండలాల ఫ్లోరోసిస్ మాట, అంటే నీళ్లల్ల ఫ్లోరైడ్‌తో ఎముకలు బిగిసి వంగే జబ్బు. మిషన్ భగీరథ నీళ్లు వచ్చినంక కొత్తగ ఒళ్లు వంగుడు తగ్గింది, కానీ అంతకు ముందే వంగిన నడుములు ఎక్కడికీ పోలేదు. వాళ్ల పెన్షన్ ఒక్క కాయితం మీద ఆధారపడి ఉంది: వికలాంగుల సర్టిఫికెట్ మీద 40 శాతం.

ఇక్కడ జరిగే పొరపాటు చూడండి. సర్టిఫికెట్ ఇచ్చే మెడికల్ బోర్డుల ఎముకల డాక్టర్ కొలిచేది కీలు ఎంత తిరుగుతది, బలం ఎంత, నడక ఎట్ల అని. ఒట్టి నొప్పి మాటకు శాతం లేదు. "రాత్రంతా నిద్ర లేదు సార్" అంటే సానుభూతి వస్తది, శాతం రాదు. 35 దగ్గర ఆగిపోతది.

కాబట్టి పంపేముందు పీహెచ్‌సీల మూడు పనులు చేయించాలె. వంగి నేల మీది రూపాయి బిళ్ల తీయమనాలె, గదువ ఛాతీకి ఆనించమనాలె, చేతులు తల వెనక్కి పెట్టమనాలె. ఏది కాలేదో ఓపీ చీటీ మీద రాయాలె. నడుము, తుంటితో పాటు ముంజేతి ఎక్స్‌రే కూడా తీయించాలె. ముంజేతి రెండు ఎముకల నడుమ పొరకు సున్నం పట్టి కనిపిస్తది, ఫ్లోరోసిస్‌కు అదొక పెద్ద గుర్తు. ఫిల్ములు లేకుండ పోతే బోర్డుల "వయసు నొప్పులు" అని తేల్చేస్తరు.

స్లాట్ ఏ రకం క్యాంపుకు బుక్ అయిందో కూడా చూడాలె. చెవుడు క్యాంపు రోజు కాలు చూపియ్యడానికి పోతే బస్సు కిరాయి దండుగ. పాత సదరం (వికలాంగుల క్యాంపు) సర్టిఫికెట్ తాత్కాలికమైతే దాని మీద గడువు తేదీ ఉంటది. తేదీ దాటినంక పెన్షన్ ఆగితే అప్పుడు పరుగెత్తుతరు. మూడు నెలల ముందే యూడీఐడీ (వికలాంగుల గుర్తింపు కార్డు) కింద మళ్లా పెట్టాలె. వికలాంగుల పెన్షన్ 4,016కు, వృద్ధాప్య పెన్షన్ 2,016కు తేడా ఒక్క అంకె, కానీ ఆ ఇంటికి అది నెల బియ్యం, పప్పు.

ఒక మాట వైద్యం వైపు. ఈ నొప్పులకు మెడికల్ షాపుల డైక్లోఫెనాక్ నొప్పి గోలీలు ఏండ్లకేండ్లు మింగి కిడ్నీలు ఖరాబు చేసుకుంటున్నరు. సర్టిఫికెట్‌కు వచ్చిన రోజే బీపీ, క్రియాటినిన్ (కిడ్నీల రక్త పరీక్ష) చూసేయండి. సర్కారు ల్యాబ్ తెలంగాణ డయాగ్నొస్టిక్స్‌కు రక్తం పోతది, రిపోర్టు ఫోన్‌కే వస్తది. పెన్షన్ కోసం వచ్చిన మనిషి మళ్లా పరీక్షకని రాడు.

చారకొండ_తొవ్వ

పెన్షన్ రోజునే బీపీ చూస్తే? ముసలోళ్లంత పోస్టాఫీసు కాడ కూసుంటరు గద. ఏఎన్‌ఎం గోలీల పొట్లాలు తెచ్చి అక్కడనే ఇస్తే పని ఒక్కదెబ్బకు అయిపోతది.

పల్లెదవాఖాన_దీపం

@చారకొండ_తొవ్వ, ఆలోచన మంచిదే, చేసే తీరు తప్పితే మాత్రం లేని బీపీ పుట్టుకొస్తది. ఎండల వరుసల నిలబడి, వేలిముద్ర పడక బీపీఎంతో కొట్లాడి వచ్చిన మనిషికి పట్టీ చుడితే 160 చూపిస్తది. వరుసల ముందే టోకెన్ ఇచ్చి, నీడకు కుర్చీ వేసి 5 నిమిషాలు కూసోబెట్టాలె. అరగంట ముందు బీడీ, చాయ్ వద్దు. చెయ్యి గుండె ఎత్తుల, ఆనుకొని, మాట్లాడకుండ. రెండుసార్లు చూసి రాయాలె. 140/90 దాటితే ఇంకో రోజు మళ్లా చూడాలె. 180/110 దాటితే ఆ రోజే డాక్టర్ దగ్గరికి. రవిక చేతి మీద, అంగీ చేతి మీద పట్టీ చుట్టొద్దని వేరే చెప్పాల్నా?

అసలు చిక్కు తేదీది. పెన్షన్ ఫలానా తేదీన వస్తదని గ్యారంటీ లేదు, ఎన్‌సీడీ, అంటే బీపీ, షుగర్ గోలీలేమో సరిగ్గ 30 రోజులకు అయిపోతయి. పెన్షన్ ఆలస్యమైన నెల గోలీలు కూడా ఆలస్యమైతయి. అందుకే పోస్టాఫీసు కాడ బీపీ చూడండి, కొత్తోళ్లను పట్టుకోండి, మందులు మాత్రం పల్లె దవాఖాన రోజుకే కట్టి ఉంచండి. రెంటినీ ముడేస్తే రెండూ తప్పుతయి.

వేలిముద్ర అంటే గుర్తొచ్చింది: వరి నాట్లు, పత్తి ఏరినంక వేళ్ల గీతలు అరిగిపోతయి. ఇప్పుడు ముఖం చూసే యాప్ వచ్చింది, అది కండ్లు ఆర్పమంటది. శుక్లం ఆపరేషన్ అయి కట్టు ఉన్నోళ్లను, మంచం పట్టినోళ్లను ఆశ లిస్టు రాసి కార్యదర్శికి ముందే ఇస్తే ఆయన ఇంటికే పోతడు. ఆ లిస్టు ఆశ దగ్గర ఎట్లాగూ ఉంటది, అడిగేటోడే లేడు.

మూసీ_కింది_ఊరు

అన్నీ ఆశ మీదికే తోస్తున్నరు. వెయ్యి మందికి ఒక ఆశ. 30 దాటిన ప్రతి మనిషికి బీపీ, షుగర్ లాంటి జబ్బుల ముప్పు చూసే సీబ్యాక్ ఫారం, గర్భిణులు, బుధవారం టీకాలు, కుష్టు సర్వే, ఇప్పుడు పాస్‌బుక్ ఫొటోలు. పైసలు ఇచ్చేది పనికింత లెక్కన, ఈ కాయితాల పనికి సున్న. గట్లైతే రెండు నెలలు చేసి మూడో నెల వదిలేస్తది, తప్పు ఆమెది కాదు.

ఇంకోటి, గుట్టు. హెచ్‌ఐవీ పెన్షన్ పేర్లు గ్రామసభల చదివిన్రంటే ఆ కుటుంబం ఊళ్లె బతుకది. 2017 హెచ్‌ఐవీ చట్టం ప్రకారం మనిషి ఒప్పుకోకుండ బయట చెప్పొద్దు. పంచాయతీకి పోయే చీటీల జబ్బు పేరే ఉండొద్దు.

నీలగిరి_రిజిస్టర్

@మూసీ_కింది_ఊరు, రెండూ ఒప్పుకుంటున్న. కాయితం పని ఆశది కాదు, సబ్ సెంటర్ (పల్లె దవాఖాన) నడిపే ఎంఎల్‌హెచ్‌పీది. ఆశ మనిషిని తెచ్చుడు వరకే.

చీటీ ఎట్లుండాలంటే: పేరు ఆధార్‌ల ఉన్నట్టే, ఆధార్ ఆఖరి నాలుగు అంకెలు, రేషన్ కార్డు నంబరు, ఏ పథకం, ఏం కాయితం తక్కువ, ఎవరి దగ్గరికి పోవాలె. జబ్బు పేరు గడి లేదు. హెచ్‌ఐవీ అయితే చీటీయే రాయొద్దు, అది హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్ నుంచే నేరుగ పోవాలె.

రిజిస్టర్‌ల "అప్లై చేసినం" అని టిక్ పెట్టే గడి తీసేయండి. దాని బదులు రెండు గడులు: "ఇప్పుడు ఎవరి టేబుల్ మీద ఉంది", "ఆఖరిసారి ఎప్పుడు అడిగినం". టిక్ కొట్టినంక ఎవరూ మళ్లా చూడరు, తేదీ కనపడితే కన్ను ఆగుతది.

కొత్తూరు_షిఫ్టు

పోలేపల్లి సెజ్, కొత్తూరు, చౌటుప్పల్ దిక్కు కంపెనీల కాంట్రాక్టు కార్మికుల సంగతి ఎవరూ ఎత్తలేదు. జీతం నెలకు 21 వేల లోపైతే ఈఎస్‌ఐ ఉంటది, కార్మికుని జీతంల 0.75 శాతం, యజమాని 3.25 శాతం కడతడు. కార్డు చాలామందికి చేతికియ్యరు. జీతం చీటీ మీద ఈఎస్‌ఐ కోత ఉందా చూడండి, ఉంటే నంబరు ఉన్నట్టే.

జరిగేదేందంటే, జ్వరం, దగ్గు వచ్చి ఊళ్లె పీహెచ్‌సీకి పోతడు. టీబీ అని తేలి మందులు మొదలైతయి. వైద్యం మంచిగనే నడుస్తది. కానీ పనికి పోని రోజులకు పైసలు రావాలంటే సర్టిఫికెట్ ఈఎస్‌ఐ డాక్టర్‌ది ఉండాలె. పీహెచ్‌సీ చీటీ మీద మామూలు సిక్‌నెస్ బెనిఫిట్ రాదు. అది జీతంల 70 శాతం, ఏడాదికి 91 రోజుల దాకా, ఆ లెక్కకు వచ్చే ఆరు నెలల 78 రోజులు చందా కట్టి ఉండాలె. టీబీ లాంటి పెద్ద జబ్బులకు, రెండేండ్ల సర్వీసు, ఆరేసి నెలల 4 పీరియడ్లల 156 రోజుల చందా ఉంటే 80 శాతం, రెండేండ్ల దాకా. ఈ సంగతి తెల్వక ఉద్యోగం మానేసి ఇంట్ల పండుకుంటున్నరు.

పీహెచ్‌సీల అడగాల్సింది ఒక్క ప్రశ్న: "ఏ కంపెనీల చేస్తున్నవ్?" గది ఓపీ చీటీ మీద రాస్తే సగం పని అయినట్టు. మందులు పీహెచ్‌సీలనే తీసుకోవచ్చు, ఈఎస్‌ఐ డిస్పెన్సరీకి మాత్రం ఆ వారంలనే పోవాలె.

పలుగురాయి పొడి చేసే మిల్లులల్ల చేసినోళ్లకు ఇంకా జాగ్రత్త. రాతి దుమ్ముతో ఊపిరితిత్తులకు వచ్చే సిలికోసిస్ ఎక్స్‌రేల టీబీ లెక్కనే కనపడతది. తెమడల క్రిమి లేకున్నా ఆరు నెలలు టీబీ మందులు వాడి, తగ్గక, మళ్లా మొదలుపెడతరు. పని చరిత్ర రాయకపోతే వృత్తి రోగమని ఎన్నటికీ తేలదు, పరిహారం దారి కూడా మూసుకపోతది. పైగ సిలికోసిస్ ఉన్నోళ్లకు టీబీ కూడా తొందరగ అంటుకుంటది, అంటే రెండూ ఉండొచ్చు. తెమడ పరీక్ష తప్పించుకోవద్దు.

పాలమూరు_లెక్కలు

ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న మొదలైన మూడు జిల్లాలల్ల మన పాలమూరు ఒకటి. 2023 డిసెంబర్ 9 నుంచి కుటుంబానికి 10 లక్షలు. ఇన్నేండ్లయినా దవాఖాన గడప దాటినంక సంగతి పట్టించుకునే ఏర్పాటు బలహీనమే. స్టెంట్ వేసినంక ఇంటికొచ్చిన మనిషికి రోజూ గోలీలు కావాలె. డిశ్చార్జ్ కాయితం ఇంట్ల దూలానికి చెక్కి ఉంటది, పీహెచ్‌సీల ఎవరికీ తెల్వది. గోలీలు అయిపోయినంక "నొప్పి లేదు గద" అని మానేస్తడు. డిశ్చార్జ్ కాయితం ఫొటో ఎంఎల్‌హెచ్‌పీ దగ్గరికి వచ్చేటట్టు చేయాలె. ఆ మందు పీహెచ్‌సీ మూడు నెలలకోసారి తెప్పించే మందుల లిస్టుల (ఇండెంట్‌ల) లేకపోతే డాక్టర్ వచ్చే ఇండెంట్‌ల పెట్టడానికి మూడు నెలల ముందన్న తెలుస్తది.

ఇంకొక గుంత: కొత్త కోడళ్లు. తల్లిగారింటి రేషన్ కార్డుల పేరు తీసేయిస్తరు, అత్తగారింట్ల ఎక్కియ్యరు. కాన్పుల ఏమన్న తేడా వచ్చి పెద్దాసుపత్రికి పోతే గప్పుడు బయటపడతది ఏ కార్డుల లేదని. మొదటి గర్భిణి పరీక్షనాడే రేషన్ కార్డు అడగండి. ఆ రోజు నుంచి కాన్పుకు ఆరేడు నెలల టైం ఉంటది.

మర్రిగూడ_నీళ్లు

మనిషి చచ్చిపోయినంక కాయితం ఇంకా ముఖ్యం. మరణం 21 రోజులల్ల రాయిస్తే ఉచితం. దాటితే ఫీజు, ఏడాది దాటితే మేజిస్ట్రేట్ ఆర్డర్ కావాలె. ఆ సర్టిఫికెట్ లేకుండ వితంతు పెన్షన్ లేదు, 18–59 ఏండ్ల రైతైతే 5 లక్షల రైతుబీమా లేదు, పేద ఇంట్ల సంపాదించే మనిషి పోతే వచ్చే 20 వేల కుటుంబ ప్రయోజనం లేదు. ఏఎన్‌ఎం మరణాల లిస్టు ఎట్లాగూ పైకి పంపుతది. అదే లిస్టు నకలు కార్యదర్శికి ఇస్తే చాలు. దినాలు అయ్యేలోపు ఎవరూ ఆఫీసుకు పోరు, పదకొండో రోజు తర్వాత పది రోజులే మిగులుతయి.

మూసీ_కింది_ఊరు

సరే, ఇదంతా ఒక రోజుల పెట్టాలంటే నెలకోసారి పల్లె దవాఖాన కాడ ఒక బల్ల, ముగ్గురు: ఎంఎల్‌హెచ్‌పీ, కార్యదర్శి, బీపీఎం. పొద్దున 10 నుంచి 1 దాకా. బుధ, శనివారాలు టీకాలు గనుక వద్దు. 15 కాయితాల కన్న ఎక్కువ పిలవొద్దు, పిలిస్తే ఏదీ పూర్తి కాదు. కార్యదర్శి రాని నెల ఏం చేయాలె, గదీ చెప్పండి.

పల్లెదవాఖాన_దీపం

రాకపోతే చీటీలు కవర్‌ల పెట్టి ఆఫీసుల ఇచ్చి, కాయితం అందినట్టు ఇన్వర్డ్ నంబరు తీసుకోండి. నోటి మాట మీద వదలొద్దు. ఎంపీడీవో ఆఫీసుల ఇన్వర్డ్ నంబరు ఉన్న కాయితమే దొరుకుతది.

చారకొండ_తొవ్వ

జిరాక్స్ ఎక్కడ తీయాలె? ఊళ్లె మిషన్ లేదు, మండలానికి పోయిరాను 60 రూపాయలు.

నీలగిరి_రిజిస్టర్

పంచాయతీ ఆఫీసుల ప్రింటర్‌కు స్కానర్ ఉంటది, చూడు. కాయితం, టోనర్ అయిపోయినయంటే సబ్ సెంటర్ చిల్లర ఖర్చులకు వచ్చే అన్‌టైడ్ ఫండ్ల కొనొచ్చు, బిల్లు పెట్టి కమిటీ తీర్మానం రాయించుకో. ఆధార్ జిరాక్స్ మీద మాత్రం "ఫలానా పెన్షన్ కోసం" అని అడ్డంగ రాసి, తేదీ వేయించు.